లైఫ్‌టైమ్ వారంటీ హీటర్ కోర్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

పాత డాడ్జ్ ర్యామ్ పికప్, 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఉన్నవాళ్ళకి ముఖ్యంగా. హీటర్ కోర్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం (కూలెంట్) వేడితో క్యాబిన్‌ని వెచ్చబరిచే చిన్న రేడియేటర్. హీటర్ కోర్‌ని లైఫ్‌టైమ్ వారంటీ పేరుతో అంటగట్టే ఆ పార్టుల షాపు ఏదో ఇక్కడ అందరికీ తెలుసు, పేరు రాయను. 14 నెలల్లో రెండు కోర్లు చిల్లుపడ్డాయి. పాసింజర్ వైపు కార్పెట్ తడి, అద్దానికి లోపల జిడ్డు పొర, క్యాబిన్ నిండా కారిన కూలెంట్ తియ్యటి వాసన.

వారంటీ ఉందిగా అనుకోకండి. 1994 నుంచి 2001 దాకా వచ్చిన ఈ బండ్లలో కోర్ బయటికి రావాలంటే డ్యాష్‌బోర్డు ఊడదియ్యాలి. ఏసీ ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే కాయిల్) కూడా అదే పెట్టెలో ఉంటుంది కాబట్టి ముందు ఏసీ గ్యాస్‌ని మెషీన్‌తో లాగించాలి (గాల్లోకి వదిలితే అమెరికాలో చట్టరీత్యా నేరం), తర్వాత మళ్ళీ నింపించాలి. వాళ్ళు ఉచితంగా ఇచ్చేది అట్టపెట్టెలో కోర్ ఒక్కటే. ఈ ఊడదీసి బిగించే చాకిరీ, దాని ఖర్చు మన నెత్తినే.

అదీ సరే. షాపు కౌంటర్ దగ్గరున్నాయన అన్న మాట మాత్రం మింగుడుపడటం లేదు. చిల్లుపడ్డ రెండో కోర్ బల్ల మీద పెడితే ఆయన తిప్పి కూడా చూడలేదు. కంప్యూటర్‌లో నంబరు కొడుతూ, నవ్వుతూ, "ఈ బండ్లకి ఎర్త్ సరిగ్గా లేకపోతే ఇంతే. ఎన్ని కోర్లు వేసినా తినేస్తుంది" అన్నాడు. (ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కి, బాడీకి కలిపే తీగ. అది పాడైతే కరెంటు కూలెంట్‌లోంచి పోయి కోర్‌ని తినేస్తుంది.) అంటే తెలుసు! మొదటిది అమ్మినప్పుడూ తెలుసు, రెండోది ఇచ్చినప్పుడూ తెలుసు. మరి చెప్పలేదేం అంటే, "మీరు అడగలేదుగా" అట. ఆ వెంటనే వెనకున్నతన్ని పిలిచేశాడు. ఎంత మర్యాద!

తప్పు కొన్నవాడిదీ ఉంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఇంట్లో పెట్టుకుని ఐదు నిమిషాల పరీక్ష చెయ్యకపోవడం కంటే తెలివితక్కువతనం ఏముంటుంది?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తియ్యండి. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి ఆనించి, ఎర్ర ప్రోబ్ కూలెంట్‌లో ముంచండి. లోహానికి తగలనివ్వద్దు. అన్నీ ఆపి ఒకసారి, సెల్ఫ్ కొడుతుండగా ఒకసారి, ఇంజిన్ నడుస్తూ లైట్లు, బ్లోయర్ ఒక్కొక్కటే వేస్తూ ఒకసారి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే భయం లేదు. 0.3 చూపిస్తే అల్యూమినియం కోర్‌కి మూడినట్టే. అన్నీ ఆపినా రీడింగ్ 0.1 దాటుతోందంటే కూలెంటే పాడై ఆమ్లమెక్కి బ్యాటరీలా పనిచేస్తోంది. ఏదో ఒకటి వెయ్యగానే ఎగిరితే ఎర్త్ చెడింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎగిరితే, అలా కొడుతుండగానే ఇంజిన్ బ్లాక్‌కి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య కొలవండి. అర వోల్టు ఉంటే ఆ కేబుల్ పోయింది. డీజిల్ స్టార్టర్ వందల ఆంపియర్లు లాగుతుంది. తుప్పుపట్టిన తీగలో దారి దొరక్క ఆ కరెంటులో కొంత కూలెంట్‌లోంచి పోతుంది. ఈ బండికి బ్యాటరీలు రెండు, రెండిటి ఎర్తులూ చూడాలి. బ్లాక్ నుంచి బాడీకి పోయే అల్లిక తీగ మార్చండి, కింద పెయింట్ గీకి బిగించండి. కోర్‌కే ఎర్త్ కట్టమనే మహానుభావులున్నారు. అలా చేస్తే కరెంటుకి మనమే దారి చూపించినట్టు.

పాత కోర్ పారెయ్యకండి. సన్నటి చిల్లులు అక్కడక్కడా ఉంటే కరెంటో, పాత కూలెంటో. చిల్లు కూలెంట్ లోపలికొచ్చే పైపు దగ్గరే ఉంటే ప్రవాహం జోరెక్కువై అరిగింది, ఆ హోస్‌లో రెస్ట్రిక్టర్ (ప్రవాహాన్ని తగ్గించే ముక్క) వెయ్యాలి. ఉబ్బి ఉంటే రేడియేటర్ మూతా, హెడ్ గాస్కెట్టూ (ఇంజిన్ హెడ్‌కి, బ్లాక్‌కి మధ్య సీలు) చూడండి.

కొత్తది బిగించేముందు కూలెంట్ మొత్తం మార్చండి. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, కుళాయి నీళ్ళు వద్దు, వేర్వేరు రంగుల కూలెంట్లు కలపొద్దు. లీకు ఆపే పొడులు పోస్తే సన్నటి ట్యూబులు పూడుకుపోతాయి. కడిగేటప్పుడు ఇంటి కుళాయి పూర్తిగా తిప్పొద్దు. రేడియేటర్ మూత తట్టుకునే ఒత్తిడి 15 పీఎస్ఐ దరిదాపు, కుళాయిలో 40 నుంచి 60 ఉంటుంది. హోస్ రాకపోతే మెలితిప్పకుండా బ్లేడుతో నిలువునా కొయ్యండి, కోర్ పైపు విరగదు.

వారంటీలో ఇచ్చిన మూడో కోర్ ఇంకా పెట్టెలోనే ఉంది. మీటర్ 0.1 కిందికి దిగేదాకా బయటికి రాదు.