సగం వేళ్లతో గిటార్: తొడుగులు, సన్న తీగలు ఏళ్ల తరబడి వాడాక

వేలి కొసలు పోయిన గిటారిస్టులు ముందుగా అడిగేది ఒకటే: తొడుగులు వేసుకుంటే మళ్లీ స్టేజ్ ఎక్కగలమా? ఎక్కగలం. నేను ఎక్కుతున్నాను. అయితే ఆ ఘనత ఒక్క తొడుగుది కాదు. తొడుగు, సన్నటి తీగలు, దించిన శ్రుతి, మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. తొడుగు ఒక్కటి కొనుక్కుని పాత గిటార్‌ని పాత సెట్టింగుల్లోనే వాయిద్దామనుకుంటే నిరాశ తప్పదు. అందుకే ఈ సమీక్షలో మూడింటి గురించీ చెబుతున్నాను.

నాది కుడిచేతి వాటం. ప్రమాదంలో ఎడమ చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు గోళ్లతో సహా పై కణుపు దాకా పోయాయి. అంటే దెబ్బ సరిగ్గా తీగలు నొక్కే చేతికే తగిలింది. పుండు మానాక కూడా ఆ మొండి కొసలకు చొక్కా అంచు తగిలినా షాక్ కొట్టేది. నరం తెగిన చోట ఇలా ఉండటం మామూలే. మెత్తటి గుడ్డతో రుద్దడం, తర్వాత గరుకు గుడ్డతో, ఆ తర్వాత గట్టి బల్ల మీద వేళ్లతో తట్టడం ఫిజియోథెరపిస్ట్ నేర్పించారు. ఈ దశ దాటకుండా తొడుగు కొలతలు ఇవ్వకండి. నొప్పి ఉన్న వేలికి ఎంత మంచి తొడుగైనా శత్రువే.

మొదట వాడింది అచ్చు తీసి చేయించిన సిలికాన్ వేలి కొస. చర్మం రంగు, గోరు, గీతలు అన్నీ ఉంటాయి. చూడటానికి నూటికి నూరు మార్కులు. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్తే ఎవరూ గుర్తుపట్టరు. వాయించడానికి మాత్రం పాస్ మార్కులు కూడా వేయలేను. సిలికాన్ తీగను పట్టేసుకుంటుంది. ఒక ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి ఇంకో ఫ్రెట్‌కి వేలు జార్చి స్లయిడ్ చేద్దామంటే మధ్యలో ఆగిపోతుంది. లోపల ఎముక లేని భాగం మెత్తగా ఉంటుంది కాబట్టి నొక్కగానే ముందు అది వంగుతుంది, ఆ తర్వాతే తీగ ఫ్రెట్‌కి ఆనుతుంది. వేగంగా వాయించేటప్పుడు ఆ కాస్త ఆలస్యమే తాళం తప్పిస్తుంది. బెండ్ చేస్తే, అంటే స్వరం పెంచడానికి తీగను పక్కకు లాగితే, తొడుగు వేలి చుట్టూ తిరిగిపోతుంది. పైగా సన్న స్టీల్ తీగలు సిలికాన్‌ని కోసేస్తాయి.

ఇప్పుడు వాడుతున్నది పలచటి గట్టి ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తటి లైనింగ్, తీగకు తగిలే వైపు తోలు. ఈ ఐడియా కొత్తదేం కాదు. 1965లో బర్మింగ్‌హామ్‌లో షీట్ మెటల్ ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, తర్వాత బ్లాక్ సబ్బాత్ అనే హెవీ మెటల్ బ్యాండ్‌కి గిటారిస్ట్ అయిన టోనీ అయోమీకి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు. ఆయనది ఎడమచేతి వాటం, పోయినవి కుడి చేతి వేళ్లు, అంటే ఆయనకూ తీగలు నొక్కే చెయ్యే. ప్లాస్టిక్ సబ్బు సీసా కరిగించి తొడుగులు మలుచుకుని, వాటికి తోలు అతికించుకున్నారు. సన్న తీగల సెట్లు అప్పట్లో దొరక్క బాంజో తీగలు వేసుకున్నారు. 1971 నాటికి శ్రుతిని మూడు హాఫ్ స్టెప్పులు (ఒక హాఫ్ స్టెప్ అంటే ఒక ఫ్రెట్ తేడా) దించి రికార్డు చేశారు. బ్లాక్ సబ్బాత్ అంటే అందరికీ గుర్తొచ్చే ఆ బరువైన ధ్వనికి ఆ దించిన శ్రుతి పెద్ద బలం. నా తొడుగులు చేసినవాళ్లకి నేను ఈ కథే చెప్పి, ఇలాగే కావాలన్నాను.

తోలు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొత్త తోలు గరుగ్గా ఉంటుంది, తీగను వదలదు. వాయించగా వాయించగా నునుపు తేలుతుంది, అప్పుడు దానంత హాయైనది ఇంకోటి లేదు. ఇంకా వాడితే తీగ ఆనే చోట గాడి పడుతుంది. ఇక తీగ ఆ గాడిలోనే కూర్చుని బెండ్‌కి కదలదు. అందుకని నా దగ్గర ఎప్పుడూ రెండు జతలు ఉంటాయి. ఒకటి రిహార్సల్స్‌లో అలవాటుపడుతూ ఉంటుంది, రెండోది ప్రోగ్రాంకి. పొడవు విషయంలో ఒక మాట: పోయిన వేలంత పొడవు కావాలని పట్టుబట్టకండి. పొడవు పెరిగేకొద్దీ తొడుగు కొస దగ్గర ఊగుతుంది. కాస్త పొట్టిగా ఉంటేనే పట్టు.

ఏ తొడుగూ తిరిగివ్వలేనిది స్పర్శ. గ్లౌజు వేసుకుని సూదిలో దారం ఎక్కించినట్టే ఉంటుంది. తెలియదు కాబట్టి అవసరం కన్నా గట్టిగా నొక్కుతాం. దాంతో స్వరం పైకి పోతుంది, మోచెయ్యి దాకా లాగేస్తుంది. నాకు పనికొచ్చిన సాధన ఇది. తీగ మీద వేలు ఆనించి కుడి చేత్తో మీటుతూ మెల్లగా నొక్కుతూ పోవాలి. ముందు టక్‌మని మూగ శబ్దం వస్తుంది, తర్వాత జర్రుమని బజ్, ఆ తర్వాత శుభ్రమైన స్వరం. స్వరం తేలిన క్షణాన ఆగిపోవాలి. రోజూ ఇలా చేస్తే వేలు చెప్పాల్సిన సంగతి చెవి చెబుతుంది.

ఇక తీగలు. 10-46 సెట్ నుంచి 9-42కి, అక్కడి నుంచి 8-38కి దిగాను. వీటిలో మొదటి అంకె అన్నిటికన్నా సన్న తీగ మందం, రెండోది అన్నిటికన్నా లావు తీగది, అంగుళంలో వెయ్యో వంతుల్లో. దానికి తోడు శ్రుతిని ఒక హాఫ్ స్టెప్ దించితే తీగ బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, రెండు దించితే 21 శాతం దాకా. స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాల నుంచి 24.75కి మారితే అదే తీగకి అదే శ్రుతిలో మరో 6 శాతం దాకా కలిసొస్తుంది. నేను రెండు హాఫ్ స్టెప్పులు దించి వాయిస్తాను. తీగలు వదులై ఫ్రెట్లకు తగులుతాయి కాబట్టి ట్రస్ రాడ్ (గిటార్ మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ), బ్రిడ్జి (కింది వైపు తీగలు ఆనే భాగం) మళ్లీ సెట్ చేయించాలి. బ్యాండ్ మొత్తం మనతో పాటు దిగిరావాలి, అదొక చర్చ. మా సింగర్‌కి మాత్రం ఈ శ్రుతే హాయిగా ఉంది.

స్టేజ్ మీద మొదటి గండం చెమట. తొడుగు లోపల తడి చేరితే బెండ్ మధ్యలో ఊడి ఎగిరిపోతుంది. పాటకీ పాటకీ మధ్య వేలు తుడుచుకోవడం, కింద కణుపు మీదకి సన్నటి టేపు చుట్టడం తప్పనిసరి. రెండోది చలి. తెగిన వేళ్లు చలికి తట్టుకోలేవు, ఏసీ హాలైతే నొప్పి మొదలవుతుంది. సౌండ్ చెక్ నుంచి పాట మొదలయ్యేదాకా చేతులు వెచ్చగా ఉంచుకుంటాను.

వదులుకున్నవీ ఉన్నాయి. నాలుగైదు ఫ్రెట్లు సాగదీసే కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), ఉంగరపు వేలితో ట్రిల్స్ (రెండు స్వరాల మధ్య వేగంగా మారడం) నా వల్ల కావు. రెండే స్వరాలుండే పవర్ కార్డ్‌లు చూపుడు వేలు, చిటికెన వేలుతో పడతాను. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ అయితే తొడుగుల జోలికే పోలేదు. 1928లో కారవాన్ తగలబడి ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాక, సోలోలు చూపుడు, మధ్య వేళ్లతోనే నడిపారు, దెబ్బతిన్న ఆ రెండింటినీ కొన్ని కార్డ్స్‌కి మాత్రం వాడుకున్నారు. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న డెఫ్ లెపర్డ్ అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ రిక్ అలెన్ ఆ చేతి పనిని ఎడమ కాలి పెడల్స్‌కి అప్పగించి, 1986 ఆగస్టులో డోనింగ్టన్‌లో వేల మంది ముందు వాయించారు. చెయ్యి మారింది కాబట్టి వీళ్లంతా వాయిద్యాన్నో వాయించే పద్ధతినో మార్చుకున్నారు. "ఇన్ని కష్టాల్లోనూ వాయిస్తున్నారు" అని మెచ్చుకునేవాళ్లకి థాంక్స్, కానీ ఆ సోలో ఎలా ఉందో చెబితే నాకు ఇంకా సంతోషం.

ఈ తొడుగులు అందరికీ సరిపోవు. రెండో కణుపు కూడా పోతే పట్టు నిలవదు. అలాంటివాళ్లు జాంగో దారిలో వేళ్లు మార్చుకోవడమో, ఒళ్లో పెట్టుకుని కడ్డీతో వాయించే స్లయిడ్ గిటారో, ఎడమచేతి వాటం గిటారో చూడటం మేలు. మీటే చేతి వేళ్లు పోయినవాళ్లకి పిక్‌ని చేతికి కట్టే పట్టీ చాలు. తొడుగు చేయించుకునేవాళ్లు కొలతలకి వెళ్లేటప్పుడు సొంత గిటార్ వెంట తీసుకెళ్లండి. అక్కడే కూర్చుని మీరు ఎక్కువగా వాయించే కార్డ్స్, ఒక బెండ్, ఒక స్లయిడ్ చేసి చూపించండి. తోలు అరిగితే మళ్లీ అతికించి ఇస్తారో లేదో ముందే అడగండి.