నాన్న పుస్తకం, నాలుగేళ్ల తర్వాత

నాన్న జీవితకథను ఒక రచయితకు డబ్బిచ్చి రాయించుకుని నాలుగేళ్లయింది. అచ్చయిన కొత్తలోనే ఈ సమీక్ష రాసుంటే పొగిడి ఊరుకునేవాడిని.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాన్న అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్. రచయిత 12 ఆదివారాలు మాచర్లలో మా ఇంటికొచ్చి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి గంటన్నర చొప్పున కూర్చున్నాడు. మొదటి మూడు వారాలూ నాన్న సర్వీసు రిజిస్టరు చదివినట్టే చెప్పాడు. ఎప్పుడు చేరాడు, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, అంతే. నాలుగో వారం అతను "బాబాయ్ గారూ, మధ్యాహ్నం మీకు అన్నం ఎవరు తెచ్చేవాళ్లు?" అనడిగాడు. "మా తమ్ముడు" అని మొదలుపెట్టిన మనిషి, రాళ్లు మోసుకుంటూ పరంజాలెక్కే కూలీలు, వాళ్ల పాటలు, కాలు జారి పోయిన ఓ కుర్రాడు, ఇలా మాకెవరికీ ఎన్నడూ చెప్పనివన్నీ చెప్పేశాడు. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కథ రాసిన అలెక్స్ హేలీకీ ఇదే అనుభవం, సొంత సంగతులు ఎంతకీ చెప్పని మాల్కం, హేలీ వాళ్లమ్మ గురించి అడిగిన రాత్రి నోరు విప్పాడు.

అడగడంలో మావాడికి పదికి పది. రాతకు మాత్రం ఆరే ఇస్తా. నాన్న "మా ఈఈ గారు కోపిష్టి, మనసు మాత్రం వెన్న" అంటే పుస్తకంలో "ఉన్నతాధికారి కఠినులైనప్పటికీ మృదుస్వభావులు" అని వచ్చింది. డ్రాఫ్టు చూసి నాన్న "ఇది నేనన్నానా?" అంటే, గౌరవంగా ఉంటుందిలే అని నేనే సర్దిచెప్పా (బుద్ధి తక్కువై). ఆ అధ్యాయం ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ తెరవరు. పైగా నాన్న జ్ఞాపకం మీద చెప్పిన సంవత్సరాలను సరిచూడలేదు. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న అయితే 1957 అని అచ్చయింది, మా మేనల్లుడు పట్టుకునేసరికి కాపీలన్నీ పంచేశాం.

ఫొటోల స్కానింగ్‌కి, రెండోసారి దిద్దినందుకు అదనంగా అడిగాడు. ముందే కాగితం మీద రాసుకోండి, రికార్డింగులు మీకే ఇవ్వాలని కూడా. ఫోన్ నిండిపోయిందని అతను ఐదు చెరిపేశాడు.

నాలుగో ఆదివారానిది అదృష్టం కొద్దీ మిగిలింది. పోయినేడు నాన్న పోయాక పెట్టుకుని వింటే, వంటింట్లోంచి అమ్మ గొంతు: "మీ తమ్ముడెక్కడ తెచ్చాడండీ, ఆ ఎండలో క్యారియర్ మోసుకొచ్చింది నేను కదా!" పుస్తకంలో ఇప్పటికీ తమ్ముడే తెస్తున్నాడు.