పట్టుపురుగుకు ఏ హార్మోను మందు?
పట్టుపురుగు రక్తంలో రెండు హార్మోన్ల లాగుడు నడుస్తుంటుంది. ఎక్డైసోన్ చర్మం విడిపిస్తుంది. అప్పుడు జువెనైల్ హార్మోన్ ఎక్కువుంటే వచ్చేది మళ్లీ పురుగు దశే. మన రైతులు జ్వరం అనేది ఈ చర్మం విడిచే సమయాన్నే, అప్పుడు పురుగు మేత ముట్టదు. చివరిదైన ఐదో పురుగు దశలో జువెనైల్ పడిపోయాక ఎక్డైసోన్ వస్తే గూడు, ఆపై ప్యూపా.

షెడ్డులో రెండింటి నకళ్లూ వాడొచ్చు. జువెనైల్ రకం మందు ఐదో దశలో చల్లితే పురుగు ఇంకాస్త ఎక్కువకాలం మేస్తుంది, గూడు బరువెక్కుతుంది. ఆకు ఖర్చూ పెరుగుతుంది. డోసు మించితే అసలు గూడే కట్టదు, అదే టెన్షన్. మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ రకాన్ని, తొలి పురుగులు పండి, అంటే గూడు కట్టడానికి సిద్ధమై, ఒళ్లు అద్దంలా మెరవగానే ఆకు మీద చల్లి వేస్తారు. మిగతావీ దాదాపు ఒకేసారి చంద్రికలు, అంటే గూళ్లు కట్టే తట్టలు, ఎక్కుతాయి. కూలీలు దొరకని ఊళ్లో నా ఓటు దీనికే.