పొరల ఫోటానిక్ క్రిస్టల్: ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్సా, ఆర్‌సీడబ్ల్యూఏనా, ఎఫ్‌డీటీడీనా?

ఫోటానిక్ క్రిస్టల్ అంటే ఇక్కడ రెండు పదార్థాల పలచని పొరలు మార్చి మార్చి పేర్చినది. దాని మీద పడ్డ కాంతి ఎంత వెనక్కి తిరుగుతుందో, ఎంత దాటుతుందో లెక్కగట్టే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఎఫ్‌డీటీడీ (స్థలాన్ని చిన్న గడులుగా విడగొట్టి, తరంగం క్షణక్షణం ఎలా కదులుతుందో లెక్కించే పద్ధతి) వైపే పోతారు. తెర మీద తరంగం రంగురంగులుగా కదులుతుంటే చూడ్డానికి బాగుంటుంది మరి. కానీ పొరలన్నీ చదునుగా ఉన్నప్పుడు అంత హంగామా దండగ.

గాజు మీద టైటానియం డయాక్సైడ్ (వక్రీభవన గుణకం సుమారు 2.4), సిలికా (1.46) మార్చి మార్చి పేర్చారనుకోండి. 550 నానోమీటర్ల కాంతికి పావు తరంగదైర్ఘ్యం లెక్కన మొదటిది 57, రెండోది 94 నానోమీటర్ల మందం. ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ పద్ధతిలో పొరకో 2×2 మ్యాట్రిక్స్ రాసి, వరసగా గుణిస్తే పరావర్తనం (వెనక్కి తిరిగే కాంతి), ప్రసారం (అవతలికి దాటే కాంతి) రెండూ వచ్చేస్తాయి. అయిదు జతలకే 98 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది, పది జతలకి 99.98 దాటుతుంది. ల్యాప్‌టాప్‌కి ఇది రెప్పపాటు పని.

తప్పు జరిగేది చివరి మెట్టులో. ప్రసారం లెక్కలో గాజు గుణకంతో గుణించడం మరిచిపోతే, పైన చెప్పిన అయిదు జతలకి పరావర్తనం, ప్రసారం కలిపి 0.994 దగ్గర ఆగుతుంది. అసలు రావాల్సింది 1. తేడా చిన్నది కాబట్టి పదార్థమే కాస్త కాంతిని మింగిందనుకుని సరిపెట్టుకుంటారు. ఇంకో చిక్కు: మందమైన పొరలో తరంగం క్షీణిస్తూ పోయేటప్పుడు ఘాతాంకాలు పెరిగిపోయి అంకెలు చెదిరిపోతాయి. అప్పుడు స్కాటరింగ్ మ్యాట్రిక్స్‌కి (పొరలోకి వచ్చే తరంగాలకీ, బయటికి పోయే తరంగాలకీ లంకె చెప్పేది) మారాలి, అంతే.

పొరల్లో వరసగా రంధ్రాలో గాళ్లో ఉంటే ఆర్‌సీడబ్ల్యూఏ మేలు. ఇది ఆ ఆకృతినీ, కాంతినీ ఫోరియర్ పదాలుగా, అంటే సైన్ తరంగాల మొత్తంగా విడగొట్టి లెక్కిస్తుంది. మోహరమ్, గేలార్డ్ అనే పరిశోధకులు 1981లో గ్రేటింగుల (సమదూరంలో గాళ్లున్న పలకలు) కోసం దీన్ని రూపొందించారు. తీసుకునే ఫోరియర్ పదాల సంఖ్య రెట్టింపైతే సమయం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. లోహపు గ్రేటింగులకి ఒక ధ్రువణంలో (కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) జవాబు ఎంతకీ నిలకడగా వచ్చేది కాదు. 1996లో ఫోరియర్ శ్రేణులను గుణించే నియమాలు సరిదిద్దాక ఆ బాధ చాలావరకు తీరింది.

ఇక ఎఫ్‌డీటీడీ. కేన్ యీ అనే పరిశోధకుడు 1966లో చెప్పిన గడుల పద్ధతి ఇది. ఒకే ఒక్క రంధ్రం తేడాగా ఉన్నా, అంచులు గరుకుగా ఉండి కాంతి చెదురుతున్నా, పుంజం వెడల్పు పరిమితమైనా నేను దీన్నే వాడతాను. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది: మూడు కొలతల్లో గడి సగం చేస్తే మెమరీ 8 రెట్లు, సమయం 16 రెట్లు. పైగా 5 నానోమీటర్ల గడిలో 57 నానోమీటర్ల పొర సరిగ్గా కూర్చోదు. అంచు గడుల్లో గుణకాన్ని సగటు చేయకపోతే పొర 55 గానో 60 గానో మారి, కాంతి బలంగా వెనక్కి తిరిగే తరంగదైర్ఘ్యాల పట్టీ పక్కకి జరుగుతుంది.

ఎఫ్‌డీటీడీలో ఏటవాలు కాంతి దగ్గర ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆవర్తన హద్దులు (ఒక ముక్కనే అటూ ఇటూ అంతులేకుండా పునరావృతమైనట్టు లెక్కించడం) పెట్టి ఒకే పల్స్‌తో స్పెక్ట్రమ్ మొత్తం తీస్తే, స్థిరంగా ఉండేది తరంగ సదిశలో పొరల వెంట ఉన్న భాగమే, కోణం కాదు. మీరు 45 డిగ్రీలని రాసుకున్న గ్రాఫ్‌లో ఆ 45 ఒక్క తరంగదైర్ఘ్యానికే నిజం. మిగతా ప్రతి బిందువుదీ వేరే కోణం.