మార్కెట్ ధరల ఓపెన్ డేటా: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కేంద్ర ప్రభుత్వం డేటా.గవ్.ఇన్‌లో ఉచితంగా పెట్టే మార్కెట్ యార్డుల రోజువారీ ధరల పట్టికను కొన్నేళ్లుగా వాడుతున్నాను. మిర్చి, పత్తి పండించే మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో సీజనంతా నేను పెట్టే ధరలు దీంట్లోవే. కంప్యూటర్ తెలిసిన పిల్లలున్న ప్రతి రైతు ఇంట్లో ఇది వాడాలని నా కోరిక.

మా దగ్గర మిర్చి ధర అంటే జెండా పాటే, అంటే పొద్దున యార్డులో మేలు సరుకుకు వేలంలో పలికే ధర. వరంగల్ ఎనుమాములలోనైనా, ఖమ్మంలోనైనా పొద్దున జెండా పాట ఎంత పలికితే అదే పేపర్లో వస్తుంది, అదే ఫోన్లలో తిరుగుతుంది. కానీ ఆ రేటు మేలు రకం సరుకున్న కొద్దిమందికే దక్కుతుంది. మిగతావాళ్లకు తేమ ఉందనో, తాలు కలిసిందనో కోత పడుతుంది. ఈ పట్టికలో మాత్రం ఒక్కో యార్డుకు, ఒక్కో రకానికి క్వింటాల్ లెక్కన మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఆ మూడోదే అసలైనది. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో చెప్పేది అదే. గ్రూపులో మొదటి వరుసలో మోడల్ ధర పెట్టడం మొదలుపెట్టాక మా రైతులు అడ్తిదారును (యార్డులో సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటును) అడిగే ప్రశ్నే మారిపోయింది. జెండా పాట మాట ఎత్తితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. మోడల్ కంటే ఇంత ఎందుకు తగ్గిందని అడిగితే మాత్రం సరుకు విప్పి చూపించి మాట్లాడాల్సిందే.

యార్డులు పంపే ధరలు ముందు అగ్‌మార్క్‌నెట్ అనే కేంద్రం మార్కెట్ ధరల వెబ్‌సైట్‌కు చేరతాయి, అక్కడి నుంచి డేటా.గవ్.ఇన్ పోర్టల్‌కు వస్తాయి. 2012లో కేంద్రం తెచ్చిన డేటా పంపకం విధానంతో ఈ పోర్టల్ మొదలైంది. 2017లో లైసెన్సు కూడా వచ్చింది. డేటా ఎక్కడిదో చెప్తే చాలు, ఎవరైనా తీసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, యాప్ చేసి అమ్ముకోవచ్చు కూడా. నాకు ఇది చాలా పెద్ద విషయం. ఎవరి సంతకం కోసమూ తిరగకుండా, ఏ భయమూ లేకుండా ఆ ధరల్ని తెలుగులో రాసి పంచుతున్నాను.

వాడకం కష్టమేమీ కాదు. సీఎస్‌వీ దించుకుంటే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు రిజిస్టరై సొంత ఏపీఐ కీ (డేటాను నేరుగా తమ ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకునే కోడ్) తీసుకోవాలి, నమూనా కీతో 10 వరుసలే వస్తాయి. రోజువారీ పట్టికలో ఉండేది తాజా ధరలే కాబట్టి ఏ రోజుది ఆ రోజే దాచుకోవడం మంచిది. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే అమ్మేయాలా అన్న టెన్షన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఇంట్లో ఉంటుంది. అప్పుడు పోయిన సీజన్ల మోడల్ ధరలు వారాలవారీగా ముందు పెట్టుకుంటే పుకార్ల మీద కాకుండా అంకెల మీద మాట్లాడుకోవచ్చు.

లోపాలున్నాయి. ధరలు చేత్తో ఎక్కించేవి కాబట్టి ఒక్కోసారి సున్నా ఎక్కువ పడుతుంది. మోడల్ ధర కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉందో లేదో చూశాకే నేను పంపిస్తాను. కొన్ని యార్డులు సీజన్ మధ్యలో రోజుల తరబడి ఏమీ ఎక్కించవు. రకం దగ్గర తేజ అనో, చపాటా అనో రాయాల్సిన చోట "ఇతర" అని వదిలేస్తారు. రెండిటి రేట్లలో ఎంత తేడా ఉంటుందో మిర్చి రైతుకు చెప్పక్కర్లేదు. పైగా పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండటంతో మధ్యలో నాలాంటివాళ్లు లేకపోతే రైతు చేతికి ఇది అందదు.

అయినా మిగతా అనుభవాలతో పోలిస్తే ఇది ఎంతో నయం. ఒక శాఖను సమాచారం అడిగితే స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చారు, అంకెలన్నీ మళ్లీ టైప్ చేసుకోవాల్సి వచ్చింది. జనం అడక్కుండానే సమాచారం బయట పెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. అలా పెట్టే సమాచారం లెక్క చేసుకోవడానికి పనికొచ్చే రూపంలో ఉండాలి. తెలంగాణ 2016లోనే సొంత ఓపెన్ డేటా విధానం తెచ్చింది, రాష్ట్ర పోర్టల్‌లో మండలాలవారీ వర్షపాతం కూడా దొరుకుతుంది. కల్లాల్లో మిర్చి ఆరబోసిన రోజుల్లో పడ్డ వానను ధరల పక్కన పెట్టుకుని చూస్తాను. తడిసిన సరుకు యార్డుకు వచ్చాక కనిష్ఠ ధర ఎలా దిగిపోతుందో అందులో కనబడుతుంది.

ఇక నేను గట్టిగా కోరుకునేది ఒకటుంది. ఈ పట్టికలో ధరలున్నాయి కానీ ఎంత సరుకు వచ్చిందో లేదు. రాబడి వివరాలు అగ్‌మార్క్‌నెట్‌లో విడిగా చూసుకోవాలి. కొన్ని బస్తాలే వచ్చిన రోజు మోడల్ ధరకూ, యార్డు నిండిపోయిన రోజు మోడల్ ధరకూ చాలా తేడా ఉంటుంది. అదే వరుసలో క్వింటాళ్ల అంకె కూడా చేరిస్తే, రేపు బండి కట్టాలా, రెండు రోజులు ఆగాలా అన్నది రైతు ఇంట్లోనే తేల్చుకోగలడు.