ఒక్క బీప్ దగ్గర చెయ్యి తీసెయ్యాలి

మా ఇంట్లో సైనాలజీ కంపెనీ రెండు డిస్కుల పెట్టె, అంటే ఇంట్లో అందరి ఫొటోలూ ఫైళ్లూ ఒకచోట దాచి ఫోన్లలో చూసుకునే పెట్టె, పెట్టి నాలుగేళ్లయింది. స్పీడూ, సైజూ నేను చెప్పను, ఎక్కడైనా దొరుకుతాయి. నాకు దీని మీద ఇంత అభిమానం కలిగింది వెనకవైపున్న ఒక చిన్న కంత వల్ల, రీసెట్ బటన్ ఉండేది అందులోనే.

అంబాజీపేట దగ్గర మా ఊరు. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలో ఫొటోలు సగానికి పైగా తడిసి అతుక్కుపోయాయి. మిగిలినవాటిని స్కాన్ చేయించి ఇందులో దాచాం. నాన్నగారి చిన్నప్పటివి ఇప్పుడు ఇందులో తప్ప ఎక్కడా లేవు.

పోయిన శ్రావణంలో కేబుల్ అబ్బాయి పాత రూటరు తీసి కొత్తది పెట్టాడు. ఆ సాయంత్రం నుంచి పెట్టె ఎవరి ఫోన్లోనూ కనపడదు. పచ్చ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. తమ్ముడు మొదట్లోనే దానికి 192.168.0 వరసలో ఒక అడ్రసు కట్టిపెట్టాడు, కొత్త రూటరేమో 192.168.1 వరసది, వరసలు వేరైతే ఒకదానికొకటి కనపడవు. అడ్మిన్ పాస్‌వర్డు వాడికీ గుర్తులేదు. "రీసెట్ కొట్టేయండి మేడమ్, సరిపోద్ది" అన్నాడు కేబుల్ అబ్బాయి. ఆ మాటకి అమ్మ ఉయ్యాలబల్ల మీద ఊగడం ఆపేసింది. "ఒద్దమ్మా, నాన్నగారి ఫొటోలు పోతాయి."

తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్లో ఉన్నాడు. "అక్కా, నాలుగు సెకన్లే, పాస్‌వర్డూ అడ్రసూ మొదటికొస్తాయి, ఫొటోలు పోవు. ఒక్క బీప్ వినపడగానే చెయ్యి తీసెయ్, మళ్లీ ముట్టుకోకు." జడలోంచి హెయిర్‌పిన్ను తీసి సాగదీసి కంతలో పెట్టాను. లోపల మెత్తగా బటన్ తగిలింది. పైకే లెక్కపెట్టాను. బీప్!

కాసేపటికి ల్యాప్‌టాప్‌లో సైనాలజీ అసిస్టెంట్ అనే వెతికే ప్రోగ్రాము పెట్టెని పట్టుకుంది. పేరు దగ్గర admin అని కొట్టి పాస్‌వర్డు ఖాళీగా వదిలేస్తే చాలు, లోపలికెళ్లగానే కొత్తది పెట్టమంది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పంచెకట్టుతో లాకుల గట్టు మీద నాన్నగారు. అమ్మ చాలాసేపు ఆ ఒక్క ఫొటోనే చూసింది.

ఆ వారమంతా చుట్టాలందరికీ రీసెట్ నిశ్చింతగా కొట్టొచ్చని చెప్పాను. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. పొలం కాగితాల ఫోల్డరుకి తమ్ముడు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేందే తెరుచుకోని తాళం, పెట్టాడు, అది తెరుచుకోలేదు. రీసెట్‌తో అది తనంతట తాను తెరుచుకోవడం ఆగిపోతుందట. కీ ఫైలు బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ కాగితాలు మళ్లీ చూసేవాళ్లం కాదు. బయటివాళ్లు చొరబడకుండా కాపలా కాసే ఫైర్‌వాల్, ఆటో బ్లాక్ కూడా ఆగిపోయాయి, మళ్లీ ఆన్ చేసుకున్నాం.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మొదటి బీప్ తరవాత పది సెకన్లలోపు మళ్లీ నొక్కి పట్టుకుంటే మూడు బీప్‌లు వస్తాయి. అది పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకునే దారి. అప్పుడు కూడా డేటా ఉంటుంది గానీ సెట్టింగులు పోతాయి. పెట్టె సెట్టింగుల పేజీ, కంట్రోల్ ప్యానెల్లో ఉన్న రీసెట్ మాత్రం డిస్కులు మొత్తం తుడిచేస్తుంది. మూడింటినీ అందరూ రీసెట్ అనే అంటారు, భయమంతా అక్కడే. రెండు డిస్కులున్నాయి కదా అనుకోకండి, మా పెట్టెలో రెండోది మొదటిదానికి అచ్చు నకలు, ఒకదాంట్లో చెరిపింది రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది.

నాకు ఫోన్ ఎత్తే తమ్ముడున్నాడు, పెట్టెని బయటి ఇంటర్నెట్‌కి తెరవలేదు, ఉన్నవి ఇంటి ఫొటోలు. మాకు సరిపోయింది. షాపు లెక్కలు పెట్టుకునేవాళ్ల సంగతి వేరు కావచ్చు. మేమైతే ఒక యూఎస్‌బీ డిస్కులో అంతా ఎక్కించి అమలాపురంలో పిన్నిగారింట్లో ఉంచాం.