ఎలాటైడిస్ విలియమ్‌సోనై: రాయికి అయిదులో నాలుగున్నర, చీటీకి రెండు

ఇంగ్లాండులోని యార్క్‌షైర్ తీరాన, స్కార్‌బరో పట్టణంలో శిలాజాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో గత వేసవిలో 35 పౌండ్లకు కొన్న రాతిపలక, దానితో ఇచ్చిన వివరాల చీటీ గురించి ఈ సమీక్ష. పలక అరచేతికన్నా కొంచెం పెద్దది. బూడిదరంగు రాతి మీద నల్లని బొగ్గుపొరగా మిగిలిన ఒక కొమ్మ, దాని కొసన ఒక చిన్న శంకువు ఉన్నాయి. ఇది మధ్య జురాసిక్ కాలంలో, అంటే సుమారు 17 కోట్ల ఏళ్ల కిందట బతికి, తరువాత అంతరించిపోయిన ఎలాటైడిస్ విలియమ్‌సోనై అనే కోనిఫర్ (శంకువులు కాసే చెట్టు). మన ఇళ్ల ముందు పెంచుకునే తూజా మొక్కది కూడా ఇదే సైప్రస్ కుటుంబం.

నమూనా నాణ్యతకు వంక పెట్టలేను. కొడవలిలా ముందుకు వంగిన ఆకులు కొమ్మ చుట్టూ సర్పిలంగా అమరి ఉన్న తీరు భూతద్దం లేకుండానే తెలుస్తుంది. అదే తీరంలో దొరికే మరో శిలాజ కోనిఫర్ బ్రాకీఫిల్లమ్ కొమ్మలకు ఆకులు పొలుసుల్లా అంటిపెట్టుకుని ఉంటాయి కనుక, దీన్ని చూసి అదని పొరబడే అవకాశం లేదు. ఆకులు చూస్తే జపాన్‌లో పెరిగే క్రిప్టోమేరియా, శంకువు చూస్తే చైనాలో పెరిగే కన్నింగ్‌హామియా గుర్తుకు వస్తాయి. అన్నిటికన్నా నాకు నచ్చినది, మెరుపు కోసం దీని మీద వార్నిష్ పూయకపోవడం. ఈ చెట్టును 1943లో వివరంగా వర్ణించిన టామ్ హారిస్ వంటి పరిశోధకులు, బొగ్గుపొరను ఆమ్లాలతో శుద్ధి చేసి, ఆకు పైచర్మాన్ని, అందులోని పత్రరంధ్రాలను సూక్ష్మదర్శినిలో చూడగలిగారు. వార్నిష్ పూసిన పలక ఆ పనికి అక్కరకు రాదు.

లోపమంతా చీటీలోనే ఉంది. దాని మీద "ఫెర్న్, జురాసిక్, యార్క్‌షైర్" అని మాత్రమే రాశారు. ఫెర్న్ అన్న పొరపాటును క్షమించవచ్చు, ఎందుకంటే తొలినాటి పండితులు సైతం దీన్ని కోనిఫర్‌గా గుర్తించక లైకోపోడైటీస్ అనే, ఫెర్న్‌లలాగే విత్తనాలు లేని క్లబ్‌మాస్ మొక్కల ప్రజాతిలో చేర్చారు. ఏ అఖాతంలో, ఏ రాతిపొరలో దొరికిందో రాయకపోవడాన్ని మాత్రం అంత తేలికగా తీసుకోలేము. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్‌కు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టినప్పుడు, దొరికిన ఊరినే పేరులోకి ఎక్కించారు. ఇక్కడ చెట్టు పేరులో ఊరు లేదు, విలియమ్‌సన్ ఇంటిపేరు ఉంది. ఆ ఇంటి పెద్ద జాన్ విలియమ్‌సన్ 1829లో ప్రారంభమైన స్కార్‌బరో మ్యూజియానికి తొలి క్యూరేటర్. ఆ మ్యూజియానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న దుకాణం ఇలాంటి చీటీ ఇవ్వడం నాకు విచిత్రంగా తోచింది.

ప్యాకింగు బాగుంది, పలక అంచు కూడా చిట్లలేదు. ధర కొంచెం ఎక్కువే అయినా, శంకువు ఉన్న కొమ్మ కనుక బేరమాడలేదు.

చోటు ఏదని అడిగినప్పుడు యజమానురాలు విసుక్కోకుండా, సేకరించిన వ్యక్తికి ఫోను చేసి కనుక్కుంటానన్నారు. పది రోజుల తరువాత "కేటన్ బే, ఒడ్డున పడిన రాళ్లలోంచి" అని పెన్సిలుతో రాసిన కొత్త చీటీ పోస్టులో వచ్చింది. పైన రెండు వేసింది పాత చీటీకి.